తూముకు వేసిన గొలుసు

అనంతగిరి తండా,
కోదాడ మీదుగా.
ఆగస్టు 1995

తులసీరాం అన్నకు,

నాట్లు అయిపోయాయి. మీ బావ ఎలా ఉన్నాడో దాచకుండా రాయమన్నావు. కూర్చుని రాసే తీరిక ఇప్పటికి దొరికింది.

ఒంట్లో బాగానే ఉన్నాడు. తింటాడు, నడుస్తాడు, పాత సంగతులన్నీ చెబుతాడు. మా పెళ్ళిలో నీ కొత్త చెప్పులు పోయిన సంగతి ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. కాలువ మీద తూము గట్టు నుంచి కింద కాంక్రీటు మీద పడ్డాడే, ఆ రోజు దగ్గర ఆగిపోయాడు. ఆ తర్వాతది ఏదీ నిలవదు. పొద్దున చెప్పింది అన్నం తినే వేళకు ఉండదు.

తెల్లారగానే షట్టరు తిప్పే ఇనుప హ్యాండిల్ భుజాన వేసుకుని కాలువకు పోతాడు. కాలువ నీళ్ళు చూసుకునే తన లష్కరు పని ఇప్పుడు సైదయ్యకు ఇచ్చారని ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి విన్నట్టే వింటాడు. సైదయ్య మంచివాడు. "రా బాల్యా, నువ్వే తిప్పు. నా రెక్కలు నొస్తున్నయ్" అంటాడు. మీ బావ తిప్పుతాడు. ఏ పొలానికి షట్టరు ఎంత ఎత్తాలో చేతులకు మాత్రం మరుపు లేదు. ఎత్తవలసినంత ఎత్తి, పై రైతులు వచ్చి ఇంకా ఎత్తుకోకుండా చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసి వస్తాడు. ఇంటికి వచ్చి, ఎక్కడికి పోయి వచ్చావంటే తెలియదంటాడు.

ఇదంతా నాకు అలవాటైంది. అలవాటు కానిది ఒకటే. ఆయన పడ్డప్పుడు జమున నా కడుపులో ఉంది. ఇప్పుడు ఇల్లంతా తిరుగుతోంది. రోజూ లేవగానే దాన్ని చూసి అడుగుతాడు.

"ఎవరి బిడ్డ ఇది?"

"నీ బిడ్డనే."

"నా బిడ్డనా? నువ్వింక కడుపుతోనే ఉంటివి గదా!" అని నా పొట్ట వైపు చూస్తాడు.

మొన్న మా అత్త రంగి ఓపిక పట్టలేక, "ఎన్నేండ్లు మోస్తదిరా, నీ పెండ్లమేమన్న ఏనుగా?" అంది. ఆయన పడి పడి నవ్వాడు. మేమూ నవ్వాం. మర్నాడు మళ్ళీ ఎవరి బిడ్డ అని అడిగాడు.

సూర్యాపేట డాక్టరు ఫిట్స్ గోళీలే రాస్తున్నాడు. మెదడు సంగతి అడిగితే, దెబ్బతిన్న కణాలు మళ్ళీ పుట్టవమ్మా, అది చర్మం కాదు అన్నాడు. నువ్వు కాలేజీలో ఆ చదువే చెబుతావు కదా. నిజంగా పుట్టవా? నాకు ఒక్కటే కావాలి. ఆయన ఈ పిల్లను తన పిల్లగా గుర్తుపెట్టుకోవాలి. మిగతావి ఏవీ గుర్తు లేకపోయినా నేను నడుపుకుంటాను.

నీలా


మిర్యాలగూడ,
సెప్టెంబరు 1995

నీలాకు,

మిల్లుల ఊక దుమ్ము కిటికీలోంచి వచ్చి కాగితం మీద పడుతోంది. దులిపి చదువుకో.

క్లాసులో అయితే నీ ప్రశ్నకు జవాబు ఒక్క మాట. పుట్టవు. పుట్టినప్పుడు ఉన్న నాడీకణాలతోనే చచ్చేదాకా బతకాలి. చేరినప్పటి నుంచి అదే చెబుతున్నాను, పిల్లలు అదే రాసి పాసవుతున్నారు.

కానీ సెలవుల్లో హైదరాబాదు పోయి లైబ్రరీలో కూర్చుంటున్నాను కదా, అక్కడ చదివేది వేరుగా ఉంది. పాటలు పాడే ఒక రకం పిట్ట మెదడులో, పెరిగి పెద్దదైన తర్వాత కూడా కొత్త నాడీకణాలు పుడుతున్నాయని చాలా రోజుల కిందటే చూపించారు. మూడేళ్ళ కింద కెనడాలో ఇద్దరు, పెరిగిన ఎలుక మెదడులోంచి కొన్ని కణాలు తీసి గాజు పళ్ళెంలో పెంచారు. అవి రెట్టింపయ్యాయి. వాటిలో కొన్ని నాడీకణాలయ్యాయి. వాటిని మూలకణాలు అంటున్నారు. విత్తనం వడ్ల లాంటివి. ఇన్నాళ్ళూ మెదడులో అలాంటివి ఉన్నాయనే ఎవరూ అనుకోలేదు.

ఇది ఎలుక సంగతి. అది కూడా గాజు పళ్ళెంలో. బావ సంగతి కాదు. ఈ నాలుగు మాటలు రెండుసార్లు చదువు.

గోళీలు తప్పనివ్వకు. జమునకు గౌను పంపుతున్నాను, పొడుగైతే మడత పెట్టి కుట్టు.

తులసీరాం


అనంతగిరి తండా,
డిసెంబరు 1995

అన్నకు,

రెండుసార్లు చదవమన్నది రెండుసార్లే చదివాను. దాని పైన రాసింది ఇంకా చాలాసార్లు చదివాను.

జమునకు మాటలు బాగా వచ్చాయి. వాళ్ళ నాయన రోజూ అడిగేది దానికి ఆటైపోయింది. మొహం కడుక్కుని, తల దువ్వించుకుని, పోయి మంచం ముందు నిలబడుతుంది.

"ఎవరి బిడ్డవే నువ్వు?"

"కాలువల కొట్టుకొచ్చిన."

"ఏ కాలువ?"

"నీ తూము కాడ ఆగిన. నువ్వే షట్టరు దించితివి."

ఆయన నవ్వి దాన్ని ఎత్తుకుంటాడు. ఒకరోజు కోతులు పారేసి పోయాయంటుంది, ఒకరోజు మునగాల అంగట్లో తెచ్చారంటుంది. చివరికి మాత్రం, "అబద్దం బాపు, నీ బిడ్డనే" అంటుంది. ఆయన నా వైపు చూస్తాడు. నేను తలూపుతాను. అప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో రాయలేను. ప్రతిరోజూ బిడ్డ పుట్టినట్టే. కొంతసేపటికి ఆ గుర్తు పోతుంది.

మొన్న జమునకు జ్వరం వచ్చి లేవలేదు. ఆయన అడగనూ లేదు, వెతకనూ లేదు. కనబడకపోతే ఆయనకు పిల్ల లేదు. నాకు ఆ రోజు చాలా కష్టమైంది.

నువ్వు రాసిన మూలకణాలు మనుషుల్లో కూడా ఉంటే, మరి ఎందుకు లేవడం లేదు? ఇంత దెబ్బ తగిలినా లేవకుండా వాటిని పడుకోబెట్టి ఉంచింది ఏమిటి? ఈయన కూడా గోళీ వేసుకున్న తర్వాత మధ్యాహ్నం దాకా మత్తుగానే ఉంటాడు. అడగకపోతే మాట్లాడడు. నాకు అర్థమయ్యేలా రాయి. నేను పదో తరగతి చదివినదాన్నే కదా.

నీలా


మిర్యాలగూడ,
జనవరి 1996

నీలాకు,

నువ్వు అడిగిందే ఇప్పుడు పెద్ద పెద్దవాళ్ళు అడుగుతున్న ప్రశ్న. తెలిసినంత రాస్తాను.

ప్రతి కణంలో జన్యువులుంటాయి. ఆ కణం ఏం కావాలి, ఎప్పుడు కావాలి అనే ఆజ్ఞలు అవి. కొన్ని జన్యువులు మూలకణాన్ని నాడీకణంగా మారమంటాయి. ఇంకొకటి వాటిని మాట్లాడనివ్వదు. అది పని చేస్తున్నంత సేపు మూలకణం మూలకణంగానే ఉంటుంది. పక్క కణం తాకి ఇచ్చే కబురును బట్టి ఇది పని చేస్తుంది.

నీకు తెలిసిన దానితో చెప్పాలంటే అది బావ చేసే పని. తూము దగ్గర షట్టరు దించి ఉంచడం.

దించడం చెడ్డ పని అనుకోకు. జపానులో ఆ జన్యువు లేని ఎలుకలను తయారు చేశారు. తల్లి కడుపులో ఉండగానే వాటి మూలకణాలు వేళ కాకముందే నాడీకణాలైపోయాయి. ఆ తర్వాత మెదడు కట్టడానికి కణాలు చాలలేదు. ఆ పిల్లలు బతకలేదు. షట్టర్లన్నీ ఒక్కసారే ఎత్తేస్తే మొదటి పొలాలు మునిగి, చివరి పొలాలు ఎండుతాయి చూడు, అలా.

పెద్దవాళ్ళ మెదడులో కూడా ఇదే జరుగుతోందని ఎవరూ చూపలేదు. నా ఊహ మాత్రం అదే. అక్కడ షట్టరు దించి, ఎవరూ ఎత్తకుండా గొలుసు చుట్టి తాళం వేసినట్టుంది. ఆ గొలుసు ఏదో తెలియదు. తెలిసిన రోజున విప్పడం కూడా తెలుస్తుంది. మన జీవితకాలంలోనే తెలియవచ్చు.

ఈ ఉత్తరం రాస్తుంటే నాకే ఉత్సాహంగా ఉంది. చాలా రోజులైంది ఇలా ఉండి.

తులసీరాం


అనంతగిరి తండా,
ఏప్రిల్ 1996

అన్నకు,

మంచి సంగతి రాస్తున్నాను.

మీ బావకు మత్తు వదిలింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కళ్ళు తేటగా ఉంటున్నాయి. తనంతట తానే మాట్లాడుతున్నాడు. నిన్న అత్తతో, "అమ్మా, నువ్వు గింత ముసల్దానివెప్పుడైనవే?" అన్నాడు. "నీతోనే అయిన బిడ్డా" అంది అత్త. ఇన్నేళ్ళలో ఆమె ముసలిదైందని ఆయన చూడటం ఇదే మొదలు.

ఇంకొకటి. మొన్న జమున గడప దగ్గర ఆడుకుంటోంది. నేను లోపల ఉన్నాను. ఆయన "జమునా" అని పిలిచాడు. నేను విన్నాను. నేను అంతకుముందే దాన్ని పేరు పెట్టి పిలిచి ఉంటాను, ఆ మాటే పట్టుకుని ఉంటాడు, కాదనను. అయినా పిలిచాడు. అది నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "యాడీ, బాపు నా పేరు చెప్పిండు" అంది. మన తండాలో ఇంకెవరికీ చెప్పలేదు. నీకే రాస్తున్నాను.

ఈ నెల సూర్యాపేట పోలేదు. కోదాడ మందుల షాపాయన సంతలో కనబడి, "ఏమ్మా, ఈ నెల రాలేదేంటి? ఆ మాత్రలు ఆపకూడదు, తెలుసుగా?" అన్నాడు. తెలుసన్నాను. పని పడలేదు.

కాలువకు నీళ్ళు ఆపేశారు. అయినా ఆయన పోతూనే ఉన్నాడు.

నీలా


మిర్యాలగూడ,
మే 1996

నీలాకు,

కార్డు మీద రాస్తున్నాను, తొందరగా చేరాలని.

సూర్యాపేట ఎందుకు పోలేదు? పని పడలేదంటే ఏమిటి? గోళీలు ఇంట్లో మిగిలి ఉన్నాయా, లేక వేయడం లేదా? వేయకపోతే ఈ కార్డు చదివిన పూటే మొదలుపెట్టు. మత్తుగా ఉంటే ఉండనీ. ఫిట్స్‌ను ఆపుతున్నది ఆ గోళీయే. పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోగానే వస్తాను. వెంటనే జవాబు రాయి.

తులసీరాం


సూర్యాపేట,
మే 1996

అన్నకు,

నీ కార్డు తండాకు వచ్చేసరికి మేము ఇక్కడ దవాఖానలో ఉన్నాం. సైదయ్య తెచ్చి ఇచ్చాడు.

గోళీలు మానేశాను. నీ జనవరి ఉత్తరం చదివిన తర్వాత కొద్దికొద్దిగా తగ్గించి, హోలీ పోయాక పూర్తిగా ఆపాను. గోళీ వేస్తే ఆయన పడుకుంటాడు. వేయకపోతే లేస్తాడు. ఇన్నేళ్ళు నేను చూసింది అదే. నువ్వు గొలుసు అని రాశావు, అదేదో తెలియదన్నావు. నేను ఇంట్లో రోజూ నా చేత్తో వేస్తున్నదే అది అనుకున్నాను. తాళంచెవి నా దగ్గరే ఉంచుకుని ఎవరినో అడుగుతున్నానే అనుకున్నాను. నీకు రాస్తే వద్దంటావని రాయలేదు.

ఎండ ఎక్కిన వేళ సైదయ్య తండాలోకి పరిగెత్తుకొచ్చాడు. "నీలమ్మా, బాల్యా పడ్డడు. కొట్టుకుంటుండు. హ్యాండిల్ ఇడుస్తలేడు" అన్నాడు. పోయేసరికి కాలువలో చుక్క నీరు లేదు. షట్టరు పై దాకా ఎత్తి ఉంది. ఆయన చక్రం పక్కన పడి ఉన్నాడు. ఫిట్స్ ఒకటి ఆగితే ఇంకొకటి వచ్చింది. పక్కింటి సక్రు ట్రాక్టరులో వేసుకుని బయలుదేరాం. మునగాల దాటే దాకా ఆగలేదు. అత్త ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ట్రాక్టరులోనే అడిగింది.

"గోళీ ఏసినవా?"

"లేదు."

"ఎప్పటిసంది?"

చెప్పాను. ఆమె కొంగుతో ఆయన నోటి నురగ తుడిచింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నీ మాట వల్ల చేశానని రాయడం లేదు. చివరి పొలాలు ఎండుతాయని కూడా నువ్వు రాశావు. ఆ ఎలుక పిల్లలు బతకలేదని కూడా రాశావు. రాసిన దాంట్లో నాకు కావలసింది ఏరుకున్నాను.

ఇంకా కళ్ళు తెరవలేదు. పేపర్లు ఎవరికైనా అప్పజెప్పి రా.

నీలా


మిర్యాలగూడ,
జూన్ 1996

నీలాకు,

సూర్యాపేటలో నీతో చెప్పకుండా వచ్చిన మాట ఒకటుంది. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పి, మీ చెల్లెలికి మీరే చెప్పండి అన్నాడు. టీ తెస్తానని బయటికి పోయి, తెచ్చి నీ చేతికిచ్చి, చెప్పకుండా బస్సెక్కాను. రాస్తే అయినా చెప్పగలనేమోనని రాస్తున్నాను.

ఫిట్స్ ఆగకుండా అంతసేపు వస్తే మెదడు తట్టుకోలేదు. జ్ఞాపకాలను పట్టి ఉంచే భాగం, చెవులకు లోపలి వైపు ఉంటుంది, అదే ముందు పోతుంది. బావకు అక్కడ మిగిలిన కాస్తా పోయింది. చుట్టుపక్కలది కూడా దెబ్బతింది. పాతవి కూడా వస్తాయన్న నమ్మకం లేదు. కళ్ళు తెరిచినంత మాత్రాన తిరిగి వచ్చాడనుకోవద్దు అన్నాడు.

నువ్వు ఏరుకున్నానని రాశావు. ఏరుకునేలా రాసింది నేను. గొలుసు అనే మాట నాది. ఏ పుస్తకంలోనూ లేదు. తెలియదు అని రాసి ఆపేస్తే సరిపోయేది. తెలియదు అన్నదానికి నేను ఒక రూపం ఇచ్చాను, నీ ఇంట్లో ఉన్న వస్తువు రూపమే ఇచ్చాను.

క్లాసులో పోలికలు చెప్పడం మానేశాను. పిల్లలు "సార్, సమజైతలేదు" అంటున్నారు. కాకపోతే ఏమవుతుందిలే అనిపిస్తోంది.

ఏం పంపమంటావో రాయి.

తులసీరాం


మిర్యాలగూడ,
డిసెంబరు 1998

నీలాకు,

ఈ రెండేళ్ళూ నీకు వానల సంగతి, పంటల సంగతి, పండగలకు రావడం రాకపోవడం తప్ప ఇంకేమీ రాయలేదు. నువ్వూ అడగలేదు. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. దాచి ఒకసారి తప్పు చేశాం, ఇద్దరం. అందుకని రాస్తున్నాను. ఈసారి పోలిక ఏదీ ఉండదు.

కిందటి నెల ఒక పత్రికలో వచ్చింది. స్వీడన్‌లో కొందరు క్యాన్సర్ రోగులకు, గడ్డ ఎంత వేగంగా పెరుగుతోందో చూడటానికి, కొత్తగా పుట్టే కణాల్లో మాత్రమే చేరే ఒక పదార్థం ఇచ్చారు. వాళ్ళు చనిపోయిన తర్వాత మెదడు తీసి చూశారు. జ్ఞాపకాలను పట్టి ఉంచే ఆ భాగంలోనే కొత్త నాడీకణాలు కనిపించాయి. వాళ్ళు పెద్ద వయసువాళ్ళు. చావుకు దగ్గరైనవాళ్ళు. అయినా పుడుతున్నాయి.

అంటే నేను ఇన్నేళ్ళు క్లాసులో చెప్పింది తప్పు. సూర్యాపేట డాక్టరు నీతో అన్నదీ తప్పు. నువ్వు అడిగిందే సరైనది.

కానీ పుట్టేవి కొద్ది. అవి ఏం పని చేస్తాయో ఎవరూ చూడలేదు. దెబ్బతిన్న చోటును బాగు చేస్తాయని ఎక్కడా లేదు. వాటిని ఏ జన్యువు ఆపుతోందో, ఏది లేపుతోందో మనుషుల్లో తెలియదు. మందు లేదు. బావకు దీనివల్ల ఏమీ కాదు. తెలిసినదంతా ఇదే. ఏరుకోవడానికి ఇందులో ఏమీ పెట్టలేదు.

తులసీరాం


అనంతగిరి తండా,
జనవరి 1999

అన్నకు,

నీ ఉత్తరం జమున చదివింది. ఒకటో తరగతి కదా, ఉత్తరం ఏది వచ్చినా లాక్కుని కూడబలుక్కుంటూ చదువుతోంది. సగం చదివిన తర్వాత లాక్కుందామనుకున్నాను. ఇవ్వలేదు.

మీ బావ అలాగే ఉన్నాడు. కాలువకు పోడు. హ్యాండిల్ గోడకు ఆనించే ఉంది, దాని వైపు చూడడు. సైదయ్య వచ్చి, "రా బాల్యా, తిప్పుదాం" అని చెయ్యి పట్టుకుంటే లేచి నిలబడతాడు, వదిలితే కూర్చుంటాడు. ఇదివరకు పడ్డ రోజు దాకా అయినా మాతో ఉండేవాడు. నా పెళ్ళి, నీ చెప్పులు, వాళ్ళమ్మ, అన్నీ ఉండేవి. ఇప్పుడు అత్తను కూడా ఎవరని అడగడు. మొన్న నన్ను చూసి, "అమ్మా, జర నీళ్ళిస్తరా?" అన్నాడు. మనం ఎవరింటికైనా పోతే అడుగుతాం చూడు, అలా. ఇచ్చాను. తాగి, గ్లాసు నా చేతికి మర్యాదగా ఇచ్చాడు.

జమునను ఏమీ అడగడు. పిల్ల కనబడినా అడగడు. ఎవరి బిడ్డవే అని అడిగినన్ని రోజులూ, ఈ మాట ఎప్పుడు ఆగుతుందా అని చూశాను. ఆగింది.

ఉత్తరం అంతా చదివి జమున అడిగింది.

"యాడీ, మామ రాసింది నిజమేనా? బాపు తలల కూడ కొత్తయి పుడుతున్నయా?"

"పుడుతుంటయేమో."

"మరి ఎందుకడుగుతలేడు?"

"అవి శానా తక్కువ బిడ్డా. మామ రాసిండు గదా."

"తక్కువైతే ఏంది, రోజూ పుడితే ఎక్కువ కావా?"

నువ్వు ఏమీ పెట్టకుండానే రాశావు. అయినా అది ఏరుకుంది.

అందుకని ఒక మాట చెబుతున్నాను. ఇక ముందు మెదడు సంగతి మాకు రాయకు. నిజమైనా రాయకు. నిజంగా మందు దొరికిన రోజున నువ్వే బస్సెక్కి రా. అంతదాకా వానలు రాయి, మీ ఊళ్ళో ధాన్యం ధర రాయి. నాకు కోపం లేదు.

మర్నాటి నుంచి జమున మళ్ళీ మొదలుపెట్టింది. మానేసి రెండేళ్ళైన ఆట. లేవగానే మొహం కడుక్కుని, తల దువ్వించుకుని, బడి సంచి తగిలించుకుని పోయి మంచం ముందు నిలబడుతుంది. ఆయన గోడ వైపు చూస్తూ ఉంటాడు. ఎవరి బిడ్డవే అని అడుగుతాడేమోనని అది చూస్తుంది. బడి గంట ఇక్కడికి వినబడుతుంది. విన్న తర్వాత కూడా కదలదు. నేను చెయ్యి పట్టుకుని గడప దాటించాలి.

నీలా